ఊరట పూస

మస్తాన్‌బీ మాస్కు తగిలించగానే మరియమ్మ మెడలో పూస ఎర్రబడింది.

సోమవారపు గాలిబండిలో ఆక్సిజన్ యంత్రం గుర్రుమంటోంది. బల్ల మీద కూర్చుని వంతు కోసం చూస్తున్న ఓబులమ్మ, ఆమె పక్కన తిరుపాలు, ఇద్దరి చూపులూ ఆ శనగగింజంత పూస మీదే ఉన్నాయి. మరియమ్మ కళ్ళు మూసుకుంది. మాస్కు లోపల పెదవులు కదిలాయి. నుదుట చెమట పట్టింది. ఒక నిమిషం గడిచింది, రెండో నిమిషం కూడా గడిచింది. పూసలో ఎరుపు మెల్లిగా పలచబడి, పాలిపోయి, చివరికి ఆకుపచ్చకు తిరిగింది.

వచ్చింది, అంది నర్సు మస్తాన్‌బీ, తన ఊపిరే వెనక్కి వచ్చినట్టు.

తలుపు దగ్గర నిలబడ్డ సువార్త నోటుపుస్తకంలో టైము రాసుకుంది. మరియమ్మ ఆమెకు పెద్దమ్మ. ఐదో ఏట తల్లి పోయిన దగ్గర్నుంచి పెంచింది ఆవిడే. కానీ ఈ బండిలో ఉన్నంతసేపూ సువార్త నిండూపిరి సంస్థ ఉద్యోగి. సంస్థ చేస్తున్న సేవ జనానికి నిజంగా ఉపయోగపడుతోందా లేదా, ఆ సంగతి ఏ పద్ధతిలో తెలుసుకోవాలి, ఇది తేల్చడమే ఆమె పని. శుక్రవారం ఒంగోలులో సమావేశం ఉంది. నలభై ఊళ్ళలో ఏ పద్ధతి వాడాలో ఆ రోజు ఆమె చెప్పాలి. పలకలదిన్నెకు బండి రావడం మానాలా, కొనసాగాలా అన్నది కూడా ఆ రోజే తేలుతుంది.

పలకలదిన్నెలో రాయి తవ్వి, చీల్చి, బడిపిల్లల పలకలు కోసిన చేతులన్నీ ఇప్పుడు గుండెల మీద ఉంటాయి. ముప్పై ఏళ్ళ రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దానికి మందు లేదు. సోమవారం, గురువారం వచ్చే ఈ గాలిబండిలో ఒక్కొక్కరికి ఒక గంట ఆక్సిజన్ ఇస్తారు. ఆ గంటతో రెండు మూడు రోజులు ఈడ్చుకొస్తారు.

పూస ఈ ఊళ్ళోకి రావడానికి ఒక రకంగా సువార్తే కారణం. నిరుడు ఆమె ఇంటింటికీ తిరిగి పద్నాలుగు ప్రశ్నల కాగితం నింపింది. బండి బాగుందా అంటే బాగుందన్నారు. నర్సు బాగా చూస్తుందా అంటే బంగారం అన్నారు. అన్నిటికీ ఒకే జవాబు వస్తుంటే అనుమానం వచ్చి, సంస్థ ఎప్పుడూ ఇవ్వని కంటి చుక్కల మందు గురించి ఒక ప్రశ్న కలిపింది. అరవై మూడు మందిలో అరవై మంది చుక్కలు బాగా పనిచేశాయన్నారు. చుక్కలు వేసుకున్నాక సూదిలో దారం ఎక్కించగలుగుతున్నానని ఓబులమ్మ ప్రత్యేకంగా చెప్పింది. ఎందుకట్లా చెప్పావని తర్వాత అడిగితే, అంత దూరం నుంచి ఎండలో పడి వచ్చి అడుగుతావుంటే లేదని మొహం మీద ఎట్టా చెప్తామమ్మా అంది.

సువార్త ఆ సంగతి సమావేశంలో నవ్వుతూ చెప్పింది. ప్రశ్నపత్రాన్ని నమ్మలేమని రుజువు చేసినందుకు అందరూ మెచ్చుకున్నారు. ఒక మూలన కూర్చున్న డాక్టర్ అవధాని మాత్రం నవ్వలేదు. మర్నాడే తను తయారుచేసిన పూసను పట్టుకుని సంస్థకు వచ్చాడు.

పూస చర్మాన్ని తాకి ఉంటే చాలు. చెమటలోని రసాయనాలు, నాడి, ఒంటి వేడి కలిపి చదివి, మనిషి లోపల ఊరట ఉందా లేదా చెప్పేస్తుంది. ఊరట ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. మొహమాటానికి అందులో చోటు లేదు. బండి రాకపోకలు నిర్ణయించే కంప్యూటరు ఆ రంగుల్ని నేరుగా తీసుకుంటుంది.

మొదట పక్క ఊరు నల్లగట్టులో పెట్టారు. మూడు నెలలూ ఎరుపే వచ్చింది. ఈ సేవ వల్ల అక్కడివాళ్ళకు ఊరట లేదని తేల్చి కంప్యూటరు బండిని వేరే ఊరికి మళ్ళించింది. ఆ వేసవిలో నల్లగట్టులో ఇద్దరు పోయారు. బండి ఉన్నా పోయేవాళ్ళేమో. కానీ ఆ కబురు పలకలదిన్నెకు చేరేసరికి అందులో ఏమో అన్న మాట లేదు.

తర్వాత పూసలు పలకలదిన్నెకు వచ్చాయి. ఇక్కడ మాత్రం ప్రతి మనిషికీ మొదట ఎరుపు, మూడు నిమిషాల్లో ఆకుపచ్చ. అవధానికి చాలా సంతోషంగా ఉంది. సువార్తకే ఆ సంతోషం రాలేదు. అరవై మంది మనుషులు ఒకే మూడు నిమిషాల్లో ఊరట పొందడం ఆమె ఎక్కడా చూడలేదు. అందుకే మూడు వారాల సెలవని చెప్పి వచ్చి పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది.

ఆమెకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. ఎవరినీ ఏమీ అడగదు, ఒక చోట కూర్చుని చూస్తుంది. బళ్ళో పంతులు మూగపిల్ల అనేవాడు. ఇప్పుడు కూడా పొద్దున్నే కొళాయి దారిలో, పనికిరాని పలకలు పోసిన తిప్ప మీద కూర్చుంటోంది. కొళాయి నుంచి ఊళ్ళోకి చిన్న ఎత్తు. దారి పొడవునా బిందె దించుకోవడానికి ఎవరో ఎప్పుడో వేసిన రాళ్ళున్నాయి. ఆడవాళ్ళు బిందెతో వస్తూ రాయి దగ్గర ఆగుతారు, కూర్చుంటారు, దమ్ము తీర్చుకుని మళ్ళీ లేస్తారు. ఎవరు ఎన్నిసార్లు ఆగుతున్నారో సువార్త గీతలు గీసుకుంటోంది. ఎందుకో మొదట ఆమెకే తెలియదు. కళ్ళ ముందు కనిపిస్తోంది కాబట్టి రాసింది.

ఆ సోమవారం బండి రాకముందు, కొళాయి దగ్గర ఆమెకు అసలు సంగతి తెలిసింది.

"ఏందే, ఇయ్యాల ఏం తెచ్చినావు?" అని అడిగింది మరియమ్మ, ఓబులమ్మని.

"నా మొగుడు లారీ మీంచి జారి పేడకుప్పలో పడ్డ రోజుంది చూడు, అదే. నాలుగు తూర్లు బాగానే వచ్చింది. పోయిన తూరికి చచ్చింది. ఇంకోటి వెతుక్కోవాల."

"నాకియ్యరాదా దాన్ని?" అన్నాడు వెనకనుంచి తిరుపాలు.

"ఇస్తిని గదా మొన్న. నవ్వినావు గాని పచ్చ రాలేదాయె. నీ సంబడం నువ్వు తెచ్చుకోవాల, అరువు పనికిరాదు."

అందరూ నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది. సువార్త తిప్ప మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ చింతపండు గింజ తీస్తుంటే పక్కన కూర్చుంది. బండి గంట అయిపోయింది కాబట్టి మరియమ్మ ఊపిరి తేలిగ్గానే ఉంది. మొహం మాత్రం ఎండిపోయి ఉంది. మూడు వారాలుగా ఆ మొహంలో ఏదో లోటు కనిపిస్తూనే ఉంది సువార్తకు. ఊరి నుంచి దిగగానే గడ్డం పట్టుకుని చూసే మనిషి, ఈసారి వచ్చావా అని లోపలికి వెళ్ళిపోయింది.

నెమ్మదిగా అడిగితే మరియమ్మ దాచలేదు. మాస్కు మొహం మీద పడగానే గుండె దడ పుడుతుంది. గనిలో మట్టి మీద పడినప్పటి దడ అది. ఎంత గాలి లోపలికి పోతున్నా ఒళ్ళు నమ్మదు. పూసకు ఆ దడే తెలుస్తుంది. నల్లగట్టు వాళ్ళకు కిటుకు తెలియక బండి పోగొట్టుకున్నారు. మొదట్లో ఒకసారి మరియమ్మకు మాస్కు కింద తన చెల్లెలి పెళ్ళి గుర్తొచ్చింది, పూస పచ్చబడింది. అది కొళాయి దగ్గర చెప్పింది. అంతే. అప్పటినుంచి ఊరంతా బండికి ఏదో ఒక మంచి రోజును వెంట తీసుకుపోతోంది. కానీ ఒక్కో రోజు నాలుగైదు సార్లకు మించి పనిచెయ్యదు.

"చెల్లెలి పెళ్ళి అయిపోయింది. మా అమ్మ నాకు జడేసిన రోజు అయిపోయింది. మీ పెదనాయన నన్ను తిరునాళ్ళకు తీసకపోయిన రోజు అయిపోయింది. అయి గుర్తు లేక కాదే. గుర్తుండాయి. నమిలి ఊసిన చెరుకుపిప్పి మాదిరి ఉండాయి."

"ఇయ్యాల ఏది తీసకపోయినావు పెద్దమ్మా?"

మరియమ్మ గింజ తీయడం ఆపలేదు. "నువ్వు మొదటిసారి పలక మీద నీ పేరు రాసి నాకు చూపిచ్చినావే, అది. నిన్ను మటుకు తియ్యకూడదనుకున్యా. ఇంక ఏం మిగల్లా. నాలుగు తూర్లు అయింది. నిన్ను చూస్తే ఏమీ రావట్లేదు తల్లీ. నామీద కోపం పెట్టుకోబాక."

సువార్త పెద్దమ్మ చేతిలోని చింతపండు తీసుకుని మిగతా గింజలు తనే తీసింది.

బుధవారం ఆమె ఒంగోలు వెళ్ళింది. అవధాని ప్రయోగశాల సంస్థ మేడ మీద రెండు గదులు. గోడకు గాజు పెట్టెల్లో వందలాది పూసలు నిద్రపోతున్నట్టు తెల్లగా ఉన్నాయి. ఒకే స్పందన పదే పదే వస్తే పూస ఏం చేస్తుందని ఆమె మాటల్లో పెట్టి అడిగింది. అవధాని ఉత్సాహంగా చెప్పాడు. ఒకే పోలికతో నాలుగైదు సార్లు వస్తే పూస దాన్ని అలవాటు కింద తీసి పక్కన పెడుతుంది. లేకపోతే జనం దాన్ని మోసం చేయడం నేర్చుకుంటారు గదా. తన పూసలో తనకు అన్నిటికంటే నచ్చే తెలివి అదేనన్నాడు.

తర్వాత తన తల్లి సంగతి చెప్పాడు. ఆవిడ ఎన్నిసార్లు అడిగినా నాకేం నాయనా, బాగానే ఉన్నానని అనేది. బాగానే ఉన్నానంటూనే పోయింది. డాక్టరు కొడుకు ఇంట్లో ఉండి కూడా తెలుసుకోలేకపోయాడు. ఇంకెవరూ అట్లా నొప్పిని మింగకూడదని పదేళ్ళు కూర్చుని పూస చేశాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మెడలోని పూస ఎర్రగా ఉంది. ఆయన దాన్ని చూసుకోలేదు.

తిరిగి వస్తూ ఒక మజిలీ ముందే దిగి సువార్త గురువారం పొద్దున నల్లగట్టు కొళాయి దగ్గర కూర్చుంది. గంటన్నర చూసింది. గనిలో పనిచేసిన వాళ్ళు ఒక్కరూ నీళ్ళకు రాలేదు. బిందెలు మోస్తున్నది కోడళ్ళు.

ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పడానికి లేదు, బాగానే పట్టింది. లేచాక మాత్రం తను ఎటు పోయినా ముల్లే అని అర్థమైంది. ఊరు పూసను మభ్యపెడుతోందని చెబితే, తప్పుడు సమాచారం ఇచ్చిన ఊళ్ళకు సేవ ఆపాలన్నది సంస్థ రాసుకున్న నియమం. చెప్పకపోతే పూస నలభై ఊళ్ళకు పోతుంది. పలకలదిన్నెలో మంచి రోజులు నెలా రెండు నెలల్లో అందరికీ అయిపోతాయి. అప్పుడు ఎరుపు వస్తుంది. బండి అప్పుడైనా పోతుంది.

శుక్రవారం సమావేశానికి సంస్థ పెద్ద హైమవతి గారు, దాతల తరఫున వచ్చిన ఇద్దరు, అవధాని కూర్చున్నారు. ఊళ్ళ నర్సులంతా వెనక కుర్చీల్లో ఉన్నారు, మస్తాన్‌బీ కూడా. మాట్లాడేవాళ్ళు పూస పెట్టుకోవాలన్నది కొత్త పద్ధతి. హైమవతి గారే దాన్ని సువార్త మెడలో కట్టి, భయపడకు అన్నారు.

నోరు తెరవకముందే పూస ఎర్రబడింది.

సువార్త మెల్లిగా, కాగితం చూడకుండా చెప్పింది. కొళాయి దారిలో రాళ్ళ గురించి చెప్పింది. బండి వచ్చే రోజు పొద్దున మరియమ్మ అనే ఆవిడ ఆ దారిలో ఐదుసార్లు ఆగుతుంది, మర్నాడు రెండుసార్లు. ఓబులమ్మ అయితే ఆరు, మర్నాడు మూడు. ఇరవై ఒక్క రోజులు, పదిహేడు మంది మనుషులు, అందరి లెక్కా అట్లాగే ఉంది. నల్లగట్టు కొళాయి దారిలో అయితే గనిలో పనిచేసిన వాళ్ళసలు లేనే లేరు. పూసలో వచ్చే ఆకుపచ్చ గాలి వల్ల రావడం లేదని చెప్పింది. ఎట్లా వస్తోందో కూడా చెప్పింది. మరియమ్మ తన పెద్దమ్మ అని చెప్పలేదు గానీ, పలక మీద పేరు రాసిన పిల్ల సంగతి కూడా చెప్పింది.

దాతల్లో ఒకాయన ముందుకు వంగాడు. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు. "మొదట్నుంచీ ఎరుపే ఉందమ్మా. నువ్వు చెప్పేది మేమెట్లా నమ్మాలి?"

సువార్త పూసను వేలితో తాకి చూసుకుంది. "నిజమే సార్, ఎరుపే. నాకు భయంగా ఉంది. వాళ్ళకూ మాస్కు కింద అంతే ఉంటుంది. నేను అబద్ధం చెబుతున్నానని పూస అనడం లేదు. బండి పనిచెయ్యడం లేదనీ అది ఎప్పుడూ అనలేదు. మనమే అట్లా చదువుకున్నాం."

ఆమె అవధాని వైపు తిరిగింది. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అడిగేసింది. "సార్, మీ అమ్మగారు వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఎన్నిసార్లు ఆగేవారో మీకు గుర్తుందా?"

అవధాని బల్ల వైపు చూస్తూ, "మూడుసార్లు" అన్నాడు. కాసేపాగి, "ఆఖరి ఏడాది నాలుగు" అన్నాడు. మెడలోంచి పూస తీసి బల్ల మీద పెట్టాడు. అది తెల్లబడింది.

పూసను పక్కన పెట్టాలని గంటలో తీర్మానం అయిపోయింది. కిటుకు పన్నినందుకు పలకలదిన్నెను తీసెయ్యాలని ఒకాయన పట్టుబట్టాడు గానీ, పన్నేలా చేసింది మనమేనని అవధాని అడ్డుపడ్డాడు. ఆర్నెల్లు బండి పలకలదిన్నెకు వెళ్తూనే ఉంటుంది. ఈలోగా రాళ్ళ దగ్గర ఆగడాన్ని లెక్కపెట్టే పద్ధతి అన్ని ఊళ్ళలో పెట్టాలి, ఆర్నెల్ల తర్వాత ఆ లెక్కనుబట్టి చూద్దామన్నారు. ఊరివాళ్ళకు ఈ లెక్క సంగతి చెప్పవద్దని సువార్త అడిగింది. హైమవతి గారు ఒప్పుకోలేదు. మనుషుల్ని వాళ్ళకు తెలియకుండా లెక్కపెట్టడం తప్పు, నీకు తెలియదా అన్నారు. అది న్యాయమైన మాటే. సువార్త మూడు వారాలు చేసింది ఆ తప్పే. మస్తాన్‌బీ ఆ సాయంత్రమే ఊళ్ళోకి ఫోను చేసి చెప్పింది.

శనివారం మొదటి బస్సుకు సువార్త పలకలదిన్నెలో దిగి, ఇంటికి పోకుండా తిన్నగా కొళాయి దారికి వచ్చింది. అలవాటుగా తిప్ప మీద కూర్చుంది. చేతిలో నోటుపుస్తకం ఉంది.

ముందు మరియమ్మ వస్తోంది. చంకలో బిందె. మొదటి రాయి దగ్గరికి వచ్చింది. ఆగలేదు.

సువార్తకు ఒక్క క్షణం సంతోషం వేసింది. రెండో రాయి దగ్గర ఆ సంతోషం పోయింది. పెద్దమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. బిందెలో నీళ్ళు చిందుతున్నాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టు ఇక్కడిదాకా వినిపిస్తోంది. చూపు రాయి మీద లేదు, దారి మీద లేదు, నోటుపుస్తకం మీద ఉంది. వెనక ఓబులమ్మ, ఆమె వెనక తిరుపాలు, ఆ వెనక ఇంకొందరు. ఎవ్వరూ ఆగడం లేదు.

సువార్త పరుగెత్తింది. బిందె లాక్కుంది. చంక పట్టుకుని మూడో రాయి దగ్గర నిలబెట్టింది.

"కూర్చో పెద్దమ్మా."

మరియమ్మ తల అడ్డంగా ఊపింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది. "రాస్తన్నావా?"

"లేదు."

"ముందు ఆ పుస్తకం... మూసెయ్యి."

సువార్త పుస్తకం మూసి రాయి మీద పెట్టి, దాని మీద తనే కూర్చుంది. మరియమ్మ అప్పటికీ కూర్చోలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని వంగి, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు అంది: "ఆగితే బండి పనిచెయ్యలేదంటారు. ఆగకపోతే బండి అక్కర్లేదంటారు. మమ్మల్ని ఏం చెయ్యమంటావో అది చెప్పు."

సువార్తకు తను చదివిన పద్ధతుల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఓబులమ్మ కంటి చుక్కల మందు గుర్తొచ్చింది. అంత దూరం ఎండలో పడి వచ్చి అడుగుతావుంటే.

"ఆగినా వస్తది పెద్దమ్మా. నేను మాట్లాడొచ్చినా. ఆగినా, ఆగకపోయినా వస్తది."

మరియమ్మ తలెత్తి సువార్త మెడ వైపు చూసింది. అక్కడ పూస లేదు. తర్వాత మొహం వైపు చూసింది, చిన్నప్పుడు పాలగిన్నె ఎవరు ఒలకబోశారని అడిగి చూసినట్టు, అబద్ధం ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతూ. చాలాసేపు వెతికింది. దొరికే ఉంటుంది. మూతి కొంచెం పక్కకు జరిగింది, అది నవ్వో కాదో చెప్పలేం. చెయ్యి చాపి, సువార్త గడ్డం పట్టుకుని, అట్లా పట్టుకునే మెల్లిగా పక్కన కూర్చుంది.

వెనకాల ఓబులమ్మ బిందె దించింది. తిరుపాలు దారి పక్కన చతికిలబడ్డాడు. ఒక్కొక్కరే ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని ఊపిరి కోసం చూస్తున్నారు. ఆ పొద్దున ఎవరు ఎన్నిసార్లు ఆగారో సువార్త రాసుకోలేదు.